ముందే కడిగిన పాదాలు

గుడ్ ఫ్రైడేకు ముందు రోజు సాయంత్రం మా మందిరంలో, యేసు తన పన్నెండు మంది శిష్యుల పాదాలు కడిగిన దానికి గుర్తుగా, పాదాలు కడిగే ఆరాధన జరుగుతుంది. నా చిన్నప్పుడు ఈ ఆచారం లేదు, ఎనిమిదేళ్లుగా వచ్చింది. రెండేళ్ల కిందట ఆ గురువారం నాలుగింటికి మా సండే స్కూలు పిల్లవాడి ఇంటికి వెళ్లాల్సిన పని పడింది. వెళ్లేసరికి వాళ్ల అమ్మ పెరట్లో నీళ్ల తొట్టి పక్కన పీట వేసి, కొడుకుని కూర్చోబెట్టి కాళ్లు తోముతోంది. తోముతోంది అనే అనాలి. మడమలకు ఇటుక ముక్క, గోళ్ల సందులకు పాత టూత్ బ్రష్షు, ఆ పైన వాసన సబ్బు. పిల్లవాడు చక్కిలిగిలికి మెలికలు తిరిగిపోతున్నాడు. "పన్నెండు మందిలో వీడి పేరు వచ్చింది కదా టీచర్ గారూ, రాత్రికి అయ్యగారు కాళ్లు కడుగుతారు. మురికి కాళ్లతో ఎలా పంపను? వీడియో కూడా తీస్తారట" అంది ఆవిడ, చేయి ఆపకుండానే.

ఆ రాత్రి మందిరంలో ముందు వరుసలో పన్నెండు కుర్చీలు వేశారు. పిల్లలందరూ ఇస్త్రీ బట్టల్లో, పౌడరు మొహాలతో కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు నడుముకు కొత్త తువ్వాలు చుట్టుకుని, స్టీలు బేసినులో గులాబీ రేకులు వేసిన నీళ్లతో ఒక్కొక్కరి దగ్గరా వంగి కడిగారు. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి, పన్నెండు సార్లు నేల మీదికి వంగి లేచారు. కానీ నేను పక్కనే తువ్వాళ్లు అందిస్తూ నిలబడ్డాను కాబట్టి చూశాను. పన్నెండో పిల్లవాడి కాళ్లు కడిగాక కూడా బేసినులో నీళ్లు తేటగానే ఉన్నాయి. అడుగున స్టీలు మీద కొట్టిన కంపెనీ ముద్ర చదవగలిగేంత తేటగా. ఆ కాళ్లన్నీ సాయంత్రం పెరళ్లలో అమ్మలు కడిగి పంపినవే.

ఆరాధన అయ్యాక చాపలు చుడుతుంటే నా తరగతిలోని ఇంకొక పిల్లవాడు వచ్చాడు. ఐదో తరగతి. వాళ్ల అమ్మానాన్నలు పొగాకు పనికి వెళ్తారు. మాది టంగుటూరు, కొండపి మధ్య ఊరు, జనవరి నుంచి మా వైపు గాలిలోనే, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల వాసన ఉంటుంది. సెలవు రోజుల్లో వాడూ అమ్మ వెంట వెళ్తాడు. ఆకు బంక చేతులకు నల్లగా అంటుకుంటే రెండు మూడు రోజులు వదలదు. మడమలు చూస్తే ఎండిన చెరువే. "టీచర్ గారూ, నా కాళ్లు కడిగి ఉంటే నీళ్లు నల్లగా అయిపోయేవి కదా!" అన్నాడు. బాధతో అన్నది కాదు. అలా అయితే చూడటానికి బాగుండేదన్నట్టు, నవ్వుతూ అన్నాడు. వాడు పన్నెండు మందిలో ఎందుకు లేడంటే, ఎక్కువ కంఠత వాక్యాలు అప్పజెప్పిన వాళ్లనే ఎంపిక చేశాం కాబట్టి. ఆ పద్ధతి పెట్టింది నేనే. ఇంట్లో కూర్చోబెట్టి వాక్యాలు వల్లె వేయించే తీరిక ఏ అమ్మలకు ఉంటుందో, ఏ అమ్మలకు ఉండదో నాకు తెలియనిదా?

పద్దెనిమిదేళ్లుగా సండే స్కూలు చెబుతున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేం నేర్పింది ఏమిటి? బాగా చదివితే పెద్దవాళ్లు నీ కాళ్లు కడుగుతారు, అది ఒక బహుమానం, ఫోటో కూడా వస్తుంది. ఆ పన్నెండు మందిలో ఒక్కరికైనా ఇంకొకరి కాళ్లు కడగాలనే ఊహ వచ్చి ఉంటుందా? యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు ఆ పని ముగించి మళ్లీ బల్ల దగ్గర కూర్చుని చెప్పిన మాట, నేను మీ పాదాలు కడిగాను గనుక మీరూ ఒకరి పాదాలు ఒకరు కడగాలని. ఆ "ఒకరి పాదాలు ఒకరు" అన్న ముక్కను మేం నాటకంలో కత్తిరించేశాం.

తెలుగువాళ్లకు కాళ్లు కడగడం కొత్త సంగతి కాదు, ఇబ్బంది అక్కడే ఉంది. ఇంటికి చుట్టం వస్తే చెంబుతో కాళ్లకు నీళ్లిస్తాం, కడుక్కునేది చుట్టమే. ఇంకొకరి కాళ్లు మన చేత్తో కడిగే సందర్భం మన దేశాచారంలో ప్రధానంగా కన్యాదానం. పిల్లనిచ్చిన మామ, పళ్లెంలో వరుడి కాళ్లు పెట్టించి కడుగుతాడు. మనం క్రైస్తవులం గనుక ఆ తంతు వదిలేశామని చెప్పుకుంటాం. కానీ అల్లుడి ముందు పిల్లనిచ్చినవాడు వంగి ఉండాలనే లెక్కను ఎవరు వదిలారు? మన కళ్లకు అలవాటైన దృశ్యంలో కడిగేవాడు తగ్గినవాడు, కడిగించుకునేవాడు హెచ్చినవాడు. ఈ లెక్కను విప్పి చెప్పకుండా పిల్లల ముందు పాదాలు కడిగితే వాళ్లు తమకు తెలిసిన అర్థమే తీసుకుంటారు. కుర్చీలో కూర్చున్నవాడు గొప్పవాడు అనుకుంటారు. యూదుల ఇళ్లలోనూ అది దాసుల పనే. శిష్యుడైన పేతురు ఉలిక్కిపడి, నువ్వు ఎన్నటికీ నా పాదాలు కడగకూడదని అడ్డం పడింది అందుకే. మా పన్నెండు మందిలో పేతురులా ఉలిక్కిపడ్డవాడు ఒక్కడూ లేడు. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు.

ఆ అధ్యాయంలో నేను ఏళ్ల తరబడి గబగబా దాటేసిన వాక్యం ఒకటుంది, మూడోది. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడనీ, తాను దేవుని దగ్గర నుంచి వచ్చి తిరిగి దేవుని దగ్గరకే వెళ్తున్నాననీ ఎరిగినవాడై ఆయన లేచి తువ్వాలు కట్టుకున్నాడు. ముందు తానెవరో తెలుసు, ఆ తర్వాత వంగాడు. ఈ వరస పిల్లల దగ్గర తారుమారైతే చాలా నష్టం జరుగుతుందని నా వాదం. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మా తాత చెప్పులు కుట్టేవాడు. మోట బావులు ఉన్న కాలంలో తోలు బానలు కూడా కుట్టేవాడట, నేను చూడలేదు. నాకు గుర్తున్నది ఊళ్లో ఒక పెద్ద రైతు ఇంటి అరుగు కింద ఆయన కూర్చున్న తీరు. రైతు అరుగు మీద కాలు చాచేవాడు, తాత కింద నుంచి కొలత తీసుకునేవాడు. రైతు చెడ్డవాడేమీ కాదు, పండక్కి గింజలు ఇచ్చేవాడు. అదే తాత ఆదివారం పూట తెల్ల పంచె కట్టుకుని మందిరంలో నిలబడి ప్రార్థన చేస్తే కప్పు అదిరేది. ఆరు రోజులు వంగిన మనిషికి ఏడో రోజు ఎవరైనా "తగ్గించుకో" అని బోధిస్తే అది సువార్త అవుతుందా? ఇంకెంత తగ్గాలి ఆయన? ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో మన సంఘాలు ఎక్కువగా ఏ ఇళ్లలో నుంచి వచ్చాయో అందరికీ తెలుసు. ఆ ఇళ్ల పిల్లలకు "వినయం", "తగ్గింపు", "ఓర్పు" అనే మాటలు నేర్పేటప్పుడు, ఊరు ఇప్పటికే నేర్పిన పాఠాన్ని మనం బైబిలు మాటల్లో తిరగరాస్తున్నామేమో ఒకసారి చూసుకోవాలి.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది గానీ అప్పుడు ఆ ఊరు మన ప్రకాశం జిల్లాలోనే. మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. తాము తాగే నీళ్లను పశువుల కుడితితో పాడు చేయొద్దని అడ్డు చెప్పినందుకు పెద్ద కులం వాళ్లు కొట్టబోతే, నీళ్లకు వచ్చిన ఒక మాదిగ స్త్రీ చేతిలో ఉన్న బిందె ఎత్తింది. ఆమె పేరు మున్నంగి సువార్తమ్మ. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. సండే స్కూల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు, గొడవల సంగతి పిల్లలకెందుకు అంటారు. నేను పెద్ద తరగతి వాళ్లకు చెబుతాను. నీళ్ల కోసం నిలబడటానికీ, తువ్వాలు కట్టుకుని వంగడానికీ వైరం లేదని చెబుతాను. నిలబడటం ఎప్పుడూ తెలియనివాడు వంగితే దానికి సేవ అనే పేరు ఎవరూ పెట్టరు, అది వెట్టి.

సిలువ ఎత్తుకోవడం అనే మాటకూ ఇదే గతి పట్టించాం. తాగి వచ్చి కొట్టే మొగుడు సిలువ, బడిలో బెత్తం సిలువ, తీరని అప్పు సిలువ. సువార్తల్లో సిలువ అంటే ఒకడు తెలిసి తెలిసి ఎంచుకున్న దారిలో ఎదురయ్యే మూల్యం. అడక్కుండా నెత్తిన పడ్డ కష్టాన్ని ఆ పేరుతో పిలిచి పిల్లలను ఓర్చుకోమనడం నేను మానేశాను. ఏ పిల్లయినా ఇంట్లో దెబ్బల సంగతి చెబితే వాక్యం తీయను, వాళ్ల పెద్దమ్మనో బడి ప్రధానోపాధ్యాయురాలినో కలుస్తాను. దీని మీద ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

మరి వినయం ఎవరికి నేర్పాలి? సేవలు అందుకోవడానికి అలవాటు పడ్డవాళ్లకు. ఇప్పుడు మన సంఘాల్లో వాళ్లూ ఉన్నారు. ఉద్యోగాలొచ్చాయి, డాబాలు లేచాయి, పసుపు పచ్చ బస్సు గుమ్మం ముందు ఆగితే ఇంగ్లీషు మీడియం పిల్లలు దిగుతారు. తిన్న కంచం తీయని మగపిల్లలు డాబాల్లోనూ ఉన్నారు, పూరిళ్లలోనూ ఉన్నారు. ఈ విషయంలో మన పేద ధనిక భేదం ఇట్టే చెరిగిపోతుంది!

ఇక్కడ మన చరిత్రలోకి ఒకసారి వెళ్లాలి, ఎందుకంటే మనం పిల్లలకు చెప్పే చరిత్ర కూడా ఆ తేట నీళ్ల బేసిను లాంటిదే. ప్రతి జనవరి 1న పిల్లలను ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కిస్తాం. 1854లో అదే రోజు తెల్లవారుజామున నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ మిషనరీలు జువెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి అక్కడ మోకాళ్లూనారని చెబుతాం. తర్వాత 1866లో ఇంకో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడటం, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె మా పిల్లలు నిద్రలో కూడా చెబుతారు, క్విజ్‌లో వచ్చే ప్రశ్న కాబట్టి. ఆ అంకెకు ముందు జరిగిన రెండు సంగతులు క్విజ్‌లో రావు.

మొదటిది, తొలి రోజుల్లో ఒంగోలులో పెద్ద కులాల వారు క్లౌ పట్ల సుముఖంగా ఉన్నారు. వాళ్ల పిల్లలు ఆయన బడికి వచ్చేవారు. అంతలో తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య వెంట పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలైంది. వీళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్దలు చెప్పేశారు. క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో ఉండి తలా ఒక బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగం తగిలిందట. పిలువబడిన మీలో జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశం వారు ఎక్కువ మంది లేరనే మాట. బైబిలు అలా గుడ్డిగా తెరిచి జవాబు వెతకడం నాకు నచ్చదు, పరీక్షల ముందు పిల్లలు ఆ పని చేస్తే మందలిస్తాను. కానీ ఆయన తర్వాత చేసింది నచ్చుతుంది. బడి ఖాళీ అవుతుందని తెలిసీ మాదిగల పక్షాన నిలిచాడు. కావలసినవాళ్ల మెప్పు పోగొట్టుకోవడం కూడా త్యాగమే. పదేళ్ల పిల్లలకు ఇది భలే అర్థమవుతుంది. బడిలో ఎవరితో కూర్చుంటే ఎవరు మాట్లాడటం మానేస్తారో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

రెండోది కరువు. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని తినేసిన ఆ కరువులో ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. సర్వే పని తెలిసిన క్లౌ అందులో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సంఘ బోధకులే మేస్త్రీలు. ఆకలితో వచ్చినవాళ్లు మట్టి తవ్వారు, తట్టలు మోశారు, కూలి తీసుకున్నారు. నాకు ముఖ్యమనిపించేది ఆ కూలి. గంజి కేంద్రం ముందు చేయి చాచి నిలబడే అవసరం లేకుండా, పని చేశాను తిన్నాను అనిపించారు. ఇంకొకటి, అన్నం కోసం వచ్చారనే మాట పడకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. నెలల తరబడి. ఒడ్డున వేలమంది సిద్ధంగా ఉండగా లెక్క పెంచుకోకుండా ఆగడం! నేటి మన నివేదికలు, ఫ్లెక్సీలు చూసేవాళ్లకు అది ఎంత కష్టమైన పనో తెలుస్తుంది. 2,222 మా పిల్లలకు తెలుసు. ఆ మట్టి తట్ట తెలియదు. ఒకసారి పెద్ద తరగతి వాళ్లను కాలువ గట్టు మీదికి తీసుకెళ్లాను. తూడు పేరుకుపోయి ఉంది, ఒకడు చేపలున్నాయా అని అడిగాడు. ఒక తట్ట మట్టి నింపి యాభై అడుగులు మోయమన్నాను. నాలుగో తట్టకు అందరూ కూర్చుండిపోయారు. ఆ పూట ప్రసంగం అవసరం లేకపోయింది.

ఈ మాటలన్నీ మా సంఘ పెద్దల్లో ఒకాయనతో, రిటైరైన ఉపాధ్యాయుడు ఆయన, అంటే ఒప్పుకోలేదు. "పిల్లల మనసులో ముందు వాక్యం పడాలమ్మా. పని ఎలాగూ జీవితాంతం తప్పదు. ఈ వయసులో కంఠతా పట్టింది చచ్చేదాకా ఉంటుంది" అన్నారు. అందులో నిజం ఉంది. మా అమ్మ ఆఖరి రోజుల్లో మమ్మల్ని గుర్తుపట్టలేదు గానీ 23వ కీర్తన పొల్లుపోకుండా చెప్పేది. నేను వాక్యాలు మానిపించలేదు. బహుమతులు మాత్రం తీసేశాను. తీసేస్తే అప్పజెప్పేవాళ్ల సంఖ్య సగానికి పడింది, అదీ ఒప్పుకోవాలి.

అసలు పాఠం ఎక్కడ దొరికిందంటే ప్రేమ విందు వెనక, గిన్నెలు తోమే చోట. మా మందిరంలో పంట పండుగకూ క్రిస్మస్‌కూ అందరం కలిసి తింటాం. మూడు వందల మందికి వంట. మగవాళ్లు వడ్డిస్తారు, అది కనిపించే పని, మైకులో పేర్లు కూడా చదువుతారు. గిన్నెలు మందిరం వెనక బోరు దగ్గర ఆడవాళ్లు తోముతారు. వాళ్లలో ఒక ముసలామె ఉంది, ఊరందరికీ అవ్వే. నలభై ఏళ్లుగా ఆ బోరు ఆమెది. ఆ ఏడాది క్రిస్మస్‌కు ఆరుగురు మగపిల్లలను తీసుకెళ్లి ఆమెకు అప్పజెప్పాను. "వీళ్లా? కడగడం కాదు, గిన్నెలు సొట్టలు పెడతారు" అంది.

ఆమె పని చేసే తీరు అంతకు ముందు నేనూ సరిగా చూడలేదు. అన్నం వండిన డేగిసాలో మనిషి కూర్చోవచ్చు. దాన్ని పక్కకు దొర్లించి, కదలకుండా పాదంతో అదిమిపట్టి, తల భుజాల దాకా లోపల పెట్టి తోముతుంది. అడుగంటిన చోట నీళ్లు పోసి వదిలేసి ముందు చిన్నవి కానిస్తుంది. "దాన్ని తిట్టుకుంటూ గీకొద్దురా, నాననివ్వండి, అదే వస్తుంది." బూడిదలో కొంచెం ఇసుక కలుపుతుంది. కొబ్బరి పీచును ఎండుగా వాడదు, ముందు తడిపి పిడికిట్లో పిండి మెత్తపరుస్తుంది. సబ్బుపొడి జిడ్డుకు మాత్రమే, అదీ చిటికెడు. పిల్లలు మొదట నవ్వులాటగా దిగారు, గంట గడిచాక నిశ్శబ్దమయ్యారు. ఆ గురువారం కాళ్లు కడిగించుకున్న పిల్లవాడూ, నల్ల నీళ్ల పిల్లవాడూ ఒకే డేగిసాకు చెరో వైపు. రెండోవాడికి పని తెలుసు, మొదటివాడికి చెబుతున్నాడు. ఆ చెప్పడంలో వాడి గొంతు మారింది, అది నేను విన్నాను.

మూడు దాటింది. అప్పుడు మొదటివాడు అడిగాడు, "అవ్వా, నువ్వెప్పుడు తింటావు?" ఆమె "ఇవి కానీ" అంది. మిగిలింది అడుగున చల్లారిన అన్నం, ముక్కలు అయిపోయిన కూర పులుసు. నలభై ఏళ్లుగా ఆమె పండుగ భోజనం అదేనని ఆ క్షణం దాకా నాకూ తట్టలేదు. ప్రతి పండుగా రెండో పంక్తిలో కూర్చుని తిని, చేయి కడుక్కుని వచ్చేదాన్ని.

సాయంత్రానికి ఆ పిల్లవాడి అమ్మ వచ్చింది, మడమలకు ఇటుక ముక్క పెట్టిన ఆవిడే. "మా వాడి చేత ఎంగిలి గిన్నెలు తోమించారట! వాడి చేతులు చూశారా? మేమిద్దరం ఉద్యోగాలు చేసి వాణ్ని చదివించేది ఇందుకా?" నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఆమె మీద జాలి కాదు గానీ ఒక గుర్తింపు కలిగింది. ఆమె అమ్మ కూడా ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో గిన్నెలు తోమింది. ఆ తోమడం నుంచి కొడుకును దూరం చేయడానికే ఈమె ఇంత కష్టపడింది. నేను వచ్చి దానికి శిష్యత్వం అని పేరు పెడితే మండదా? ఆమెతో వాదించలేదు. వాడు ఒక్కడే తోమలేదనీ, నేనూ తోమాననీ, వచ్చేసారి సంఘ పెద్దలు కూడా తోముతారనీ చెప్పాను. ఆ చివరిది అబద్ధం. పెద్దలను బోరు దగ్గరికి రప్పించడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది, అదీ ఇద్దరు.

ఆడపిల్లల సంగతి వేరు. వాళ్లకు సేవ నేర్పాలనుకోవడం చేపకు ఈత నేర్పినట్టే. ఇంట్లో చీపురు, నీళ్లు, తమ్ముడు, అన్నీ వాళ్ల మీదే. అందుకని ఆ రోజు ఆడపిల్లలను మొదటి పంక్తిలో కూర్చోబెట్టి మగపిల్లలతో వడ్డించాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతె మూడు సార్లు లేచింది, నీళ్ల జగ్గు అందుకోబోయింది, పడిన మెతుకులు తీయబోయింది. కూర్చోమంటే కూర్చుంటుంది, క్షణం తర్వాత మళ్లీ అరచేతులు నేల మీద ఆనుతాయి. ఆ రాత్రి నాకు దొరకని పేతురు ఇక్కడ దొరికింది. నేను నీ పాదాలు కడగకపోతే నాతో నీకు పాలు, అంటే భాగం, లేదన్నాడు యేసు పేతురుతో. సేవ చేయించుకోవడానికి ఒప్పుకోవడం ఆ అమ్మాయికి గిన్నెలు తోమడం కంటే కష్టమైన పాఠం.

త్యాగం విషయంలో మనం ఇంకా అన్యాయంగా ఉంటాం. గుమ్మం దగ్గర తండ్రి జేబులోంచి పది రూపాయలు తీసి పిల్లవాడి చేతిలో పెడతాడు, వాడు కానుక సంచిలో వేస్తాడు. ఎవరిచ్చినట్టు? బైబిల్లో అరౌనా అనే ఆయన బలి కోసం తన కళ్లాన్నీ ఎద్దులనూ ఊరికే ఇస్తానంటే దావీదు రాజు ఒప్పుకోలేదు, వెల ఇవ్వనిది దేవుడికి అర్పించనన్నాడు. ఇక పేద విధవరాలి రెండు కాసుల కథను చందాల ఆదివారం తప్పక చెబుతాం. మార్కు సువార్తలో దానికి సరిగ్గా ముందు వాక్యాల్లో, విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రులను యేసు దుయ్యబట్టాడని మాత్రం చెప్పం. ఆమె భక్తికి ఆయన తలవంచాడు, నిజమే. ఆమెకు ఆ రెండు కాసులే మిగిల్చినవాళ్ల మీద ఆయన కోపం కూడా ఆ పేజీలోనే ఉంది. పిల్లలకు రెండూ చదివి వినిపించాలి.

సొంత సొమ్ముతో ఇచ్చినవాడు ఒకడు తగిలాడు నాకు, అదీ నా మొద్దుబుర్రకు ఆలస్యంగా తెలిసింది. ఎనిమిదో తరగతి వాడు, ఏడాది పొడవునా సండే స్కూలుకు పావుగంట ఆలస్యం. హాజరు బహుమతి ఉన్న రోజుల్లో రెండు సార్లు వాడి పేరు కొట్టేశాను. తీరా చూస్తే, పక్షవాతంతో మంచాన పడ్డ ఒక పెద్దాయనకు వాటర్ ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల డబ్బా సైకిలు మీద తెచ్చి, కుండలో పోసి వస్తున్నాడు. ఆదివారం పొద్దున్న క్రికెట్టు మానుకుని. పెద్దాయన కొడుకు హైదరాబాదులో ఉంటాడు, నీళ్ల డబ్బులు పంపుతాడు. వాటిలో రెండు రూపాయలు చాక్లెట్టుకు నొక్కేస్తున్నాడని కూడా తర్వాత తెలిసింది. ఆ వయసులో నేనైతే ఐదు నొక్కేదాన్ని. వాడి గురించి మందిరంలో సాక్ష్యం చెప్పిద్దామని ఒకరు సలహా ఇచ్చారు. వద్దన్నాను. మైకు ముందు నిలబెడితే మరుసటి ఆదివారం నుంచి ఆ డబ్బా బరువే మారిపోతుంది.

పోయిన పంట పండుగకు వంట కాస్త ఆలస్యమైంది. నేను వెనక వైపు వెళ్లేసరికి బోరు దగ్గర ఒక స్టీలు కంచం మీద ఇంకో కంచం బోర్లించి ఉంది, ఈగలు వాలకుండా పైన రాయి. ఎవరిదని అడిగితే ఇటుక ముక్క మడమల పిల్లవాడు "అవ్వది. ముక్కలు ఏరి ముందే తీశాం" అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "నాకెందుకురా ఇంత, పిల్లలు తినలేదు ఇంకా" అంటూ కంచం వాడి చేతిలోకే తోసింది. వాడు వెనక్కి తోశాడు. "తినవ్వా. డేగిసా నానబోశాం. ఇప్పుడు గీకినా రాదు, నువ్వే చెప్పావు కదా."

ఆ మాటకు ఆమె దగ్గర జవాబు లేకపోయింది. కుర్చీ తెచ్చినా కూర్చోలేదు, బోరు గట్టు మీదే కూర్చుని వేడి అన్నం కలుపుకుంది. నాలుగు ముద్దలు తిని, వాళ్లు అప్పటికే కడిగి బోర్లించిన పప్పు గిన్నె వైపు చూసి, ఎడమ చేత్తో చూపించింది. "ఆ చెవి కింద జిడ్డు పోలేదు. మళ్లీ తోమండి."

నల్ల నీళ్ల పిల్లవాడు పీచు అందుకున్నాడు.